ఎంత ఉంచాలో తెలిసిన చేయి

ఆత్రేయపురంలో కుండ అనగానే ముందు గుర్తొచ్చేది పూతరేకుల కుండ. దాన్ని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలలా పలచగా కలిపి, అందులో గుడ్డముక్క ముంచి, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. రెప్పపాటులో తెల్లటి పొర కుండను వదిలి లేస్తుంది. జావ కాస్త చిక్కబడితే రేకు మందమై అట్టులా తయారవుతుంది. మరీ పలచబడితే చేతిలోనే చిరుగుతుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే కుండకే అంటుకుపోతుంది. కొలగిన్నె, గడియారం ఏవీ లేకుండా ఈ తప్పులన్నిటి మధ్యనున్న సన్నని దారిని మా ఊరి ఆడవాళ్ళ చేతులు పట్టుకున్నాయి. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కాగితం మీద ఉన్నది ఊరి పేరే అయినా, అది ఆ చేతులకు దక్కిన గౌరవమే అనుకున్నాను.

మా ఇంట్లో ఇంకో కుండ కూడా ఉండేది. అది పెద్దమ్మ వీణ కుండ. గోడవారన చాప మీద, పాత పట్టుచీర కప్పుకుని ఉండేది ఆ వీణ. పెద్దమ్మ వంటింట్లో ఉన్నప్పుడు నేను చీర తొలగించి కుండ మీద వేళ్ళతో తట్టేవాణ్ణి. తలుపు తట్టినప్పుడు చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇక్కడ అలా కాదు. లోపలికి వెళ్ళి, ఓ చుట్టు తిరిగి బయటికొచ్చేది. "కొట్టకురా, మీటు" అని అక్కడి నుంచే కేకేసేది పెద్దమ్మ. పెద్దయ్యాక, వీణలు చేసే పని దగ్గర కూర్చుని చూశాక తెలిసింది. మా ఊరి రేకు తీసే చేతికి, ఆ కుండ తొలిచిన చేతికి వచ్చిన విద్య ఒక్కటే. ఎంత ఉంచాలో తెలియడమే ఆ విద్య.

గోదావరి జిల్లాలకు వీణతో దగ్గర చుట్టరికం ఉంది. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ ముగ్ధులై, ఆయన్ను శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో పుట్టారు. ఈ పేర్లన్నీ మనకు తెలుసు. ఆ మహానుభావుల ఒళ్ళో ఉన్న వీణలు ఎవరు చేశారో మాత్రం మనం అడగం. ఈ వ్యాసం ఆ అడగని ప్రశ్న కోసం.

ఆంధ్రదేశంలో వీణల తయారీకి రెండు పేరున్న చోట్లున్నాయి, బొబ్బిలి, నూజివీడు. పెద్దమ్మది బొబ్బిలి వీణ. 1757 నాటి యుద్ధంతో మనందరికీ తెలిసిన ఆ కోట ఊరి పక్కనే గొల్లపల్లి ఉంది. సర్వసిద్ధి వారి కుటుంబాలు అక్కడ తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. వాళ్ళ పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. బొబ్బిలి వీణకు ఆ పేరు తెచ్చిన లక్షణం అది ఏకాండి కావడం. అంటే కుండ, దండి, చివరి తల, మూడూ ఒకే మానులోంచి తొలిచినవి. కొన్ని వీణల్లో ఈ మూడిటినీ విడివిడిగా చేసి అతుకుతారు. ఏకాండిలో అతుకు ఉండదు.

మాను పనస. మా కోనసీమలో పనస అంటే పొట్టు కూర, తొనలు, పెళ్ళి భోజనం. వీణ పనివారికి పనస అంటే చేవ. మానును కోసినప్పుడు బయటి లేత చెక్కను వదిలేసి, లోపలున్న పసుప్పచ్చటి చేవ భాగాన్ని ఉంచుకుంటారు. ఆ చేవ బిగువుగా ఉంటుంది, అయినా మోయలేనంత బరువుండదు. చెదలకు తొందరగా లొంగదు. తట్టితే పలుకుతుంది. మృదంగం కట్టెనూ తంబురానూ పనసతోనే చెయ్యడం ఇందుకే. కొత్తగా కోసినప్పుడు పసుపు ముద్దలా మెరిసే ఈ చెక్క ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరి ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. పాత వీణ వయసు దాని రంగులోనే చదవొచ్చు.

ఎండిన దుంగ మీద ముందుగా రూపం గీస్తారు. ఒక చివర కుండ గుండ్రం, మధ్యలో సన్నని దండి, రెండో చివర కిందికి వంగే మెడ. బాడిసతో బయటి ఆకారం తీస్తారు. తరవాత లోపలి పని మొదలవుతుంది. అసలు కష్టం అక్కడే ఉంది. వంపు తిరిగిన ఉలితో, సుత్తితో, కొంచెం కొంచెంగా కుండను తొలుస్తారు. దండిని కూడా పొడవునా తొలిచి డొల్ల చేస్తారు. దుంగలో ఎక్కువ భాగం పేళ్ళై నేల మీద పడుతుంది. ఆ పేళ్ళ మధ్య మిగిలిందే వీణ.

అతుకు లేకపోతే లాభం ఏమిటి? తీగ కదలిక కుండ నుంచి దండికి, దండి నుంచి కుండకు ఎక్కడా ఆగకుండా పారుతుంది. పైగా ఏడు తీగలు రాత్రింబవళ్ళు దండిని లాగుతూనే ఉంటాయి. వానాకాలం తేమకు అతుకు వదులైతే శ్రుతి నిలవదు, ఏకాండికి ఆ బెంగ లేదు. ఈ లాభానికి పనివాడు చెల్లించే మూల్యం పెద్దది. చాలా రోజుల పని అయ్యాక చెక్క లోపల దాగిన ముడి బయటపడొచ్చు, ఉలి ఒక్క దెబ్బ లోతుగా దిగొచ్చు. అప్పుడు ఒక ముక్క మార్చి సరిపెట్టడం కుదరదు, మొత్తం దుంగ పోయినట్టే. అందుకే ఆ ఉలి దెబ్బల్లో తొందర కనిపించదు.

కుండ గోడ ఎంత మందం ఉండాలన్నది చేతికీ చెవికీ మధ్య తేలే లెక్క. మందం మిగిలితే వీణ బరువెక్కి, నాదం లోపలే ఉండిపోతుంది. బాగా పలచబడితే మొదట గట్టిగా పలికి వెంటనే చచ్చిపోతుంది, పోనుపోను చెక్క పగలొచ్చు కూడా. అందుకని పనివాడు నాలుగు దెబ్బలు వేస్తాడు, ఆగుతాడు, వేలి కణుపుతో తడతాడు. మళ్ళీ చోటు మార్చి తడతాడు. ఒకచోట మొద్దుగా పలికితే "ఇక్కడ ఇంకొంచెం తియ్యాలండి" అని గోరుతో గీత పెడతాడు. కుండ చుట్టూ పలుకు ఒకే తీరున వచ్చేదాకా ఆ తిరుగుడు సాగుతుంది. నేను చిన్నప్పుడు ఆటగా తట్టిన కుండను, నాకన్నా ముందు ఎవరో ఇలా వందల సార్లు తట్టి ఉంటారు.

కుండ నోరు మూసే పైపలక కూడా పనసే. దీనికి రెండు పనులున్నాయి, ఒకదానికొకటి ఎదురు. తీగలన్నిటి ఒత్తిడీ, వాటిని మోసే గుర్రం అనే వంతెన గుండా వచ్చి ఈ పలక మీదే పడుతుంది కాబట్టి అది కుంగకూడదు. ఆ గుర్రం కదలికే పలకలోకి దిగి గాలిని కదిలించాలి కాబట్టి అది మొండిగానూ ఉండకూడదు. వేళ్ళతో వాయించే గిటారు చేసేవాళ్ళకూ ఇదే చిక్కు. వాళ్ళు స్ప్రూస్ లాంటి తేలిక చెక్కను పలచగా కోసి, అది కుంగకుండా లోపలివైపు సన్నని బద్దలు అతికిస్తారు, మధ్యలో ఒక పెద్ద రంధ్రం ఉంచుతారు. వీణ పలకకు పెద్ద నోరు లేదు. పూల చక్రాల్లా అమర్చిన చిన్న చిన్న రంధ్రాలుంటాయి. చూసేవాళ్ళకు అవి అలంకారం, లోపలి గాలికి అవి కిటికీలు.

దండి రెండో చివర యాళి అనే కల్పిత మృగం ముఖం ఉంటుంది. కోరలు, గుడ్లు, వంగిన మెడ, అన్నీ చెక్కి రంగు వేస్తారు. దండి అంచుల నగిషీకి ఒకప్పుడు ఏనుగు దంతం వాడేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ వాడుతున్నారు. యాళి మెడ దగ్గరే దండి కింద సొరకాయ బుర్రను బిగిస్తారు. వాయించేటప్పుడు ఆ బుర్ర ఎడమ తొడ మీద ఆనుతుంది, కుండ కుడివైపు నేల మీద ఉంటుంది. ఇంత పొడవైన వాద్యం ఒళ్ళో కుదురుగా నిలబడి రెండు చేతులనూ స్వేచ్ఛగా వదిలేది ఈ అమరిక వల్లే.

ఇక గుర్రం. పలక మీద కూర్చునే ఈ చెక్క వంతెన నెత్తిన ఒక వెడల్పాటి లోహపు రేకు ఉంటుంది. గిటారులో తీగ సన్నని అంచు మీద ఆనుతుంది. వీణలో తీగ ఆనేది వేలెడు వెడల్పున్న రేకు మీద. ఆ రేకు చూడటానికి చదునుగా ఉంటుంది గానీ నిజానికి కంటికి ఆనీ ఆననంత వంపు ఉంటుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి. వి. రామన్ 1921లో మన తీగ వాద్యాల మీద రాసిన పరిశోధన వ్యాసంలో ఈ వంపు గురించే చెప్పారు. తీగను ఒక చోట మీటితే, ఆ చోట కదలిక లేకుండా ఉండాల్సిన ఉపస్వరాలు వినిపించకూడదని పాత సూత్రం. వీణలోనూ తంబురాలోనూ అవి నిక్షేపంగా వినిపిస్తున్నాయని రామన్ గమనించారు. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపు మీద కాస్త పరుచుకుంటుంది, కాస్త లేస్తుంది, దాని ఆనిక చోటు మారుతూ ఉంటుంది. ఆ చిన్న తాకిడే పోయిన ఉపస్వరాలను తిరిగి తెస్తుంది. వీణ నాదంలో మనం జీవం అనే ఆ మెరుపు పుట్టేది ఇక్కడ.

రామన్ లెక్కగా చెప్పినదాన్ని పనివాడు ఆకురాయితో చేస్తాడు. రేకును కాస్త రాకుతాడు, తీగ ఎక్కించి మీటుతాడు, తీగ దించి మళ్ళీ రాకుతాడు. వంపు ఎక్కువైతే తీగ బుర్రుమంటుంది. లేకపోతే నాదం బోసిగా ఉంటుంది. ఇక్కడా పూతరేకు లెక్కే, రెండు తప్పుల మధ్య వెంట్రుకవాసి చోటు.

తీగలు ఏడు. దండి మీద వేళ్ళతో నొక్కే మెట్ల మీద నాలుగు సాగుతాయి, సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన మూడు తాళపు తీగలుంటాయి, వాటికి గుర్రం పక్కనే ఒక చిన్న వంపు లోహపు ఆనిక వేరుగా ఉంటుంది. ప్రతి తీగా కుండ అంచున ఉన్న నాగపాశం దగ్గర మొదలై, గుర్రం ఎక్కి, దండి వెంట సాగి, మెట్లకు అవతలి ఆనికైన మేరువు దాటి, తీగను బిగించే బిరడకు చేరుతుంది. బిరడ తిప్పితే శ్రుతి పెద్ద అంగలతో మారుతుంది. చివరి వెంట్రుకవాసి తేడా సరిచెయ్యడానికి నాగపాశం వైపు చిన్న లంగర్లు ఉన్నాయి. వాటిని తీగ వెంట కాస్త జరిపితే చాలు. పెద్ద మార్పుకు ఒక చివర, చిన్న మార్పుకు ఇంకో చివర ఏర్పాటు చేసినవాడి ముందుచూపు నాకు ప్రతిసారీ కొత్తగానే కనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా శరీరం. వీణకు గొంతు పెట్టేది మేళం. దండి మీద రెండు అంచుల వెంటా తేనెమైనం, మసి కలిపిన నల్లటి ముద్దను గట్టులా పరుస్తారు. ఆ రెండు గట్ల మీద అడ్డంగా 24 కంచు మెట్లు నిలుస్తాయి. ఒక స్థాయికి 12 స్వరస్థానాల లెక్కన రెండు స్థాయిలు. ఈ ఇరవై నాలుగు మెట్ల అమరికకు రూపమిచ్చిన ఘనత, 17వ శతాబ్దం మొదట్లో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి ఆస్థానానిది. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అంతకు ముందు రాగం మారితే మెట్లు జరుపుకోవలసిన వీణలుండేవి. ఈ అమరికతో ఒకే వీణ మీద అన్ని రాగాలూ పలికాయి. అనుమంద్ర పంచమం నుంచి సారణి చివరి మెట్టు దాకా లెక్కేస్తే సుమారు మూడున్నర స్థాయిలు.

మెట్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. మేరువు నుంచి గుర్రం దాకా తీగ 84 సెంటీమీటర్లు అనుకుంటే, మొదటి మెట్టు మేరువుకు దాదాపు 4.7 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చివరి రెండు మెట్ల మధ్య మిగిలేది 1.2 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో, ఏడో మెట్టు మూడో వంతు దగ్గర రావాలి. ఇది గణితం. గిటారు పనివారు ఈ గణితాన్ని స్కేలుతో కొలిచి, గాడి కోసి, మెట్టును శాశ్వతంగా దిగ్గొడతారు. వీణ దగ్గర గణితం సగం దూరమే వస్తుంది. వేలు నొక్కినప్పుడు తీగ బిగుసుకుని స్వరం కాస్త పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది మెట్టు ఎత్తును బట్టి, తీగ లావును బట్టి మారుతుంది. కాబట్టి మిగతా సగం దూరం చెవి నడవాలి.

మేళం కట్టే ఆయన మెట్టును మైనంలో ఒత్తుతాడు, మీటుతాడు, వింటాడు, గోరంత జరుపుతాడు. షడ్జానికి సరిపోయిందా, పంచమంతో కలిసిందా చూస్తాడు. సారణి మీద కుదిరిన మెట్టు పంచమం, మంద్రం, అనుమంద్రం మీద కూడా కుదరాలి, ఎందుకంటే నాలుగు తీగలకూ మెట్టు ఒక్కటే. అన్ని మెట్లూ ఎత్తులోనూ ఒద్దికగా ఉండాలి. ఒకటి వెంట్రుకవాసి లేచినా దాని వెనక మెట్టు మీద నొక్కిన తీగ దీనికి తగిలి చిరచిరలాడుతుంది. ఇరవై నాలుగు మెట్లూ ఒకదాని మాట ఒకటి వినేదాకా ఆయన లేవడు.

అసలు మెట్లను అంత ఎత్తున గట్ల మీద ఎందుకు నిలబెట్టాలి? గమకం కోసం. మెట్ల కింద ఖాళీ ఉంటుంది కాబట్టి వేలు చెక్కకు తగలకుండా తీగను పక్కకు లాగగలదు. లాగిన కొద్దీ తీగ బిగిసి స్వరం పైకి జారుతుంది. ఒకే మెట్టు మీద ఉండి మూడు నాలుగు స్వరస్థానాల దాకా ఎక్కి దిగొచ్చు. మెట్టు ఒక స్వరాన్ని ఇస్తుంది, లాగుడు ఆ స్వరానికీ పైదానికీ మధ్యనున్న దారిని ఇస్తుంది. మన సంగీతమంతా ఆ దారిలోనే ఉంది. గొంతు ఎక్కడ జారుతుందో వేలూ అక్కడ జారాలి. కొబ్బరినూనె రాసుకున్న పెద్దమ్మ ఎడమచేతి వేళ్ళు తీగ మీద అలా జారేవి. వాటి కొసల మీద తీగ గీసిన నల్లటి చారలు చివరిదాకా పోలేదు.

కుడిచేతి పని చూస్తే వీణ మొత్తం అర్థమవుతుంది. చూపుడువేలు, నడిమివేలు ఒకదాని తరవాత ఒకటి తీగను కిందికి మీటుతాయి. చిటికెనవేలు తాళపు తీగలను పైకి మీటుతుంది. రాగం రెండు వేళ్ళది, తాళం చిటికెనవేలిది, నడకంతా ఒక్క చేతిలోనే. ఈ రోజుల్లో పిల్లలు గిటారును వేళ్ళతో మీటి, కింది తీగల మీద బొటనవేలితో నడక, పై తీగల మీద మిగతా వేళ్ళతో పాట నడుపుతుంటే ముచ్చటేస్తుంది. ఒక్క మనిషి ఒళ్ళో మొత్తం కచేరీ ఉండాలన్న కోరిక అక్కడా ఇక్కడా ఒకటే. తాళపు తీగలను చిటికెనవేలికి అందేంత దూరంలో, మిగతా వేళ్ళకు అడ్డం రానంత దూరంలో పెట్టినవాడు మనిషి అరచేతిని కొలుచుకుని ఈ వాద్యాన్ని కట్టాడు.

చేవ ఉన్న మాను, తట్టి తట్టి పలచబరిచిన గోడ, బరువు మోస్తూనే ఊగే పలక, కంటికి ఆనని వంపున్న రేకు, రెండు చివర్లా శ్రుతి ఏర్పాటు, చెవితో నిలిపిన మెట్లు. ఇందులో ఏ ఒక్కటీ దానంతటది సంగీతం కాదు. ఒకదాని లోపాన్ని ఇంకొకటి దాచలేదు కూడా. కుండ మొద్దైతే మంచి మేళం దాన్ని కాపాడలేదు. గుర్రం వంపు చెడితే ఏకాండి పనస ఏం చెయ్యగలదు? అన్నీ కుదిరినప్పుడు వినేవాడికి ఇవేవీ కనిపించవు, పాట ఒక్కటే వినిపిస్తుంది.

మైనం శాశ్వతం కాదు. మా గోదావరి ఎండలకు, ముఖ్యంగా రోహిణి కార్తెలో, మెత్తబడి మెట్లు కదులుతాయి. కొన్నేళ్ళకోసారి మేళం తీసి కొత్తది కట్టాల్సిందే. దీన్ని లోపమని నేను ఎప్పుడూ అనుకోలేదు. చెక్కలో దిగ్గొట్టిన మెట్టు చేసినవాడి చెవి దగ్గరే ఆగిపోతుంది. మైనంలో నిలిచిన మెట్టు రేపటి చెవికీ చోటు ఉంచుతుంది. మొదట చేసినవాడు తన తరవాత వచ్చే ఇంకో పనివాడి కోసం కొంత పని అట్టే ఉంచాడు.

పెద్దమ్మ పోయాక చాలా ఏళ్ళు వీణ చీర కిందే ఉండిపోయింది. మా అమ్మాయి నేర్చుకుంటానంటే మేళం కట్టే ఆయన్ని పిలిపించాను. ఎండి పెళుసైన మైనాన్ని ఆయన గీరి తీసేశాడు, తుప్పు పట్టిన తీగలు తెంచేశాడు. వీణ అప్పుడు ఒట్టి చెక్కగా మిగిలింది. కొత్త మైనం పొయ్యి మీద పెట్టేముందు ఆయన కుండను చేత్తో నిమిరి, వేలి కణుపుతో ఒక చోట తట్టాడు. పక్కకు జరిగి ఇంకో చోట తట్టాడు. చుట్టూ తిరిగి వచ్చి తలెత్తి నాతో, "కుండ జోలికి వెళ్ళక్కర్లేదండి. చేసినాయన సరిగ్గా ఉంచాడు" అన్నాడు.

"సరిగ్గా తీశాడు" అనలేదు. ఉంచాడు అన్నాడు. ఆ సాయంత్రం కొత్త మేళం మీద మా అమ్మాయి మొదటి షడ్జం మీటింది. వీధి అవతల ఇంట్లో రేకులు తీస్తున్న పిన్నిగారు ఒక్క క్షణం గుడ్డ పట్టుకుని ఆగి, ఇటు విని, మళ్ళీ కుండ మీద పరిచి లాగింది.